మైనస్ 20 అని రాసున్న డబ్బా మైనస్ 10లోనే ఎందుకు గడ్డకట్టింది: ఆరు చలికాలాల వాషర్ ఫ్లూయిడ్ అనుభవం

ఆరు చలికాలాలుగా మంచు పడే రోడ్ల మీద రోజూ కారు నడుపుతున్నాను. ఇన్నాళ్లలో మూడు రకాల వాషర్ ఫ్లూయిడ్, అంటే కారు ముందు అద్దం కడగడానికి చిమ్మే ద్రవం, వాడాను. మొదటిది నీళ్లు కలపకుండా నేరుగా పోసుకునేది, మైనస్ 20 డిగ్రీల దాకా గడ్డకట్టదని రాసున్న డబ్బా. రెండోది మిథనాల్‌తో చేసిన నీలం రంగుది. మూడోది ఇథనాల్ ఎక్కువగా ఉండి, మనమే నీళ్లు కలుపుకోవాల్సిన చిక్కటిది. మిథనాల్, ఇథనాల్ రెండూ ఆల్కహాల్ రకాలే, నీళ్లు త్వరగా గడ్డకట్టకుండా చేసేవి ఇవే. నాలుగేళ్లుగా ఈ మూడోదాని మీదే ఉన్నాను. ఎందుకో చెప్పాలంటే మొదటి చలికాలంలో ఒక ఉదయం జరిగింది చెప్పాలి.

ఆ రోజు బయట మైనస్ 10. ట్యాంకులో మైనస్ 20 ది పోసి వారం కూడా కాలేదు కాబట్టి ధీమాగా బయల్దేరాను. హైవే ఎక్కాక ముందు వెళ్తున్న లారీ చక్రాల కింది నుంచి, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు కలిసిన బురద లేచి అద్దమంతా పడింది. ఎదురుగా సూర్యుడు ఇంకా కిందనే ఉన్నాడు, ఎండ నేరుగా కళ్లలోకి కొడుతోంది. వాషర్ నొక్కాను. ద్రవం బాగానే వచ్చింది. వైపర్లు ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగాయి. మూడోసారికి అద్దం మీద మీగడలాంటి పొర కట్టింది. బురద పోలేదు సరికదా, దాని మీద సన్నటి ఐసు పరుచుకుంది. ఆ పొర మీద ఎండ పడి అద్దం మొత్తం తెల్లగా మెరిసిపోయింది. లారీ ఎక్కడుందో కనబడలేదు. వేగం తగ్గించి, పక్క కిటికీ దించి, తల బయట పెట్టి రోడ్డు అంచు చూసుకుంటూ ఆపాను. చేతులు వణుకుతూనే ఉన్నాయి. అప్పటిదాకా వేడిగాలి కాళ్ల వైపు పెట్టుకున్నాను, అద్దం చల్లగానే ఉండిపోయింది. గాలిని అద్దం మీదికి తిప్పి ఐదు నిమిషాలు కూర్చుంటే గానీ పొర కరగలేదు.

డబ్బా మీద అబద్ధం రాశారని ఆ రోజంతా మండిపడ్డాను. తర్వాత కూర్చుని లెక్క వేసుకుంటే తప్పు సగం నాదే అని తేలింది. నా కారు ట్యాంకు 4 లీటర్లది. అందులో ఎండాకాలపు ఫ్లూయిడ్, అంటే సబ్బు నీళ్ల లాంటిది, ఒక లీటరు మిగిలి ఉండగా దాని మీద 3 లీటర్లు కొత్తది పోశాను. ఇథనాల్ నీళ్లలో 40 శాతం ఉంటే దాదాపు మైనస్ 23 దాకా గడ్డకట్టదు. 30 శాతానికి మైనస్ 15, 20 శాతానికి మైనస్ 9. నేను పోసినదాంట్లో ఒక 36 శాతం ఉందనుకుంటే, ట్యాంకులో కలిశాక 27 శాతానికి దిగింది. అంటే మైనస్ 13 చుట్టుపక్కల. డబ్బా మీద 20, ట్యాంకులో 13.

అయినా బయట ఉన్నది మైనస్ 10 మాత్రమే కదా? ఇక్కడే అసలు సంగతి ఉంది. డబ్బా మీద అంకె సీసాలో కదలకుండా ఉన్న ద్రవానికి. అద్దం మీద పడ్డాక పరిస్థితి వేరు. పల్చగా పరుచుకున్న ద్రవం మీద హైవే గాలి కొడుతుంటే అందులోని ఆల్కహాల్ నీళ్లకంటే ముందు ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు అద్దం నుంచి వేడి లాక్కుంటుంది. అలా అద్దం ఇంకా చల్లబడుతుంది, మిగిలిన ద్రవంలో నీళ్ల పాలు పెరుగుతుంది. రెండూ కలిసి మైనస్ 13 ది మైనస్ 10 లోనే గడ్డకట్టేసింది. అప్పటి నుంచి నా లెక్క ఒకటే: ఆ వారం అతి చలి రాత్రి ఎంత ఉంటుందో చూసి, దానికి ఇంకో 10 డిగ్రీలు కిందికి కలుపుకుంటాను. మైనస్ 15 అని చెప్తే నా ట్యాంకులో మైనస్ 25 ది ఉండాలి. ఎక్కువ అంటారేమో, నాకు ఆ తెల్లటి అద్దం ఇంకా కళ్ల ముందే ఉంది.

ఇంట్లో ఉన్న ఫ్రిజ్‌తోనే డబ్బాని పరీక్షించవచ్చు. ఫ్రీజర్ మామూలుగా మైనస్ 18 దగ్గర ఉంటుంది. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు చెంచాల ఫ్లూయిడ్ పోసి, మూత గట్టిగా పెట్టి, పైన పేరు రాసి (ఇంట్లో ఎవరూ పొరపాటు పడకూడదు) రాత్రంతా ఉంచుతాను. మైనస్ 20 అని రాసున్న రెండు రకాలు ఒకేసారి పెట్టి చూశాను. ఒకటి పొద్దున వంచితే నీళ్లలాగే జారింది. రెండోది కదిపితే గరగరలాడింది, వేలితో నొక్కితే చక్కెర పాకం గడ్డలా ఉంది. చూడ్డానికి రెండూ ఒకటే రంగు. రంగు చూసి ఏమీ తెలియదు, అది ఒట్టి రంగు.

మిథనాల్ ది రెండో చలికాలంలో ఒకే ఒక్క సీజన్ వాడాను. గడ్డకట్టే విషయంలో దానికి వంక పెట్టలేను, గట్టి చలిలో కూడా బాగా పనిచేసింది. కానీ మిథనాల్ విషం. కొంచెం తాగినా చూపు పోవచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. యూరోపియన్ యూనియన్ 2018లో మామూలు జనానికి అమ్మే వాషర్ ఫ్లూయిడ్‌లో మిథనాల్ 0.6 శాతానికి చేరకూడదని నిబంధన పెట్టింది. ఇంట్లో చిన్న పిల్లలున్నారు. గ్యారేజీలో నీలం రంగు నీళ్ల డబ్బా ఉంటే శరబత్తులా కనిపిస్తుందేమో అన్న టెన్షన్ నన్ను వదల్లేదు. ఆ సీజన్ అయ్యాక మళ్లీ కొనలేదు.

వాసన సంగతి కూడా చెప్పాలి. ఇథనాల్ దానికీ వాసన ఉంది, లేదనను. కారులోకి బయటి గాలి వచ్చే దారి సరిగ్గా అద్దం కిందే ఉంటుంది, కాబట్టి కొట్టిందంతా ముక్కులోకే వస్తుంది. మొదట్లో మా ఆవిడ పక్కన కూర్చుని, “ఏమండీ, మళ్లీ కొట్టారా, తల తిరుగుతోంది” అనేది. ఇప్పుడు నొక్కే ముందు బయటి గాలి ఆపేసే బటన్ నొక్కి, అర నిమిషం అయ్యాక తీసేస్తాను. వాసన దాదాపు రాదు. సెంటు వాసనలు కలిపినవి ఇంకా ఘాటు. నిమ్మ అయినా పుదీనా అయినా నాకు పడవు.

చిక్కటిది కొనడంలో లాభం ఏమిటంటే చలిని బట్టి కలుపుకోవచ్చు. నా డబ్బా మీది పట్టిక ప్రకారం సగం ఫ్లూయిడ్, సగం నీళ్లు అయితే మైనస్ 20. రెండు పాళ్ల ఫ్లూయిడ్‌కి ఒక పాలు నీళ్లు అయితే మైనస్ 30. ట్యాంకులోనే కలుపుదామని ముందు ఒకటి, తర్వాత ఒకటి పోసేవాణ్ణి. రెండూ సరిగ్గా కలవవు. బయట ఒక క్యాన్‌లో కలిపి, ఊపి, తర్వాత పోయడమే మేలు. కుళాయి నీళ్లలో సున్నం ఎక్కువుంటే, అద్దం మీదికి ద్రవం చిమ్మే నాజిల్ రంధ్రాలు మూసుకుపోతాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి.

చలి మొదలవక ముందే పాత నీళ్లు ఖాళీ చేయడం అన్నిటికంటే ముఖ్యం. ట్యాంకు ఖాళీ అయినా గొట్టాల్లో పాతదే ఉంటుంది. చలికాలపుది పోశాక, ఆల్కహాల్ వాసన వచ్చేదాకా నాజిల్ నుంచి కొడుతూనే ఉండాలి. వెనక అద్దానికి గొట్టం పొడవు, దానికి ఇంకా ఎక్కువసేపు పడుతుంది, అందరూ మరిచిపోయేది అదే. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతాయి, ఆ ఒత్తిడికి గొట్టాలు కీళ్ల దగ్గర ఊడతాయి, ట్యాంకు చిట్లుతుంది. నా ఆఫీసులో ఒకరు ఏమీ రావడం లేదని మీట అలాగే నొక్కి పట్టుకున్నారు. గడ్డకట్టిన ద్రవాన్ని నెట్టలేక పంపు మోటారు కాలిపోయింది. ఏమీ రాకపోతే వెంటనే వదిలేయాలి.

మరక విషయంలో మూడోదానికి మంచి మార్కులే ఇస్తాను. రాత్రి ఎదురు వచ్చే లైట్లకి అద్దం మీద ఇంద్రధనస్సు చారలు కనిపిస్తే ఫ్లూయిడ్‌ని తిట్టే ముందు వైపర్ రబ్బరు తుడిచి చూడండి. నాకు రెండుసార్లు తప్పు రబ్బరుదే అయింది. రేడియేటర్‌లో పోసే కూలెంట్ గడ్డకట్టదు కదా అని ఇందులో పోసేవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి వద్దు. అది అద్దం మీద జిడ్డు పొర వేస్తుంది, ఆవిరి కాదు, పైగా అందులోని ఇథిలీన్ గ్లైకాల్ కుక్కలకి, పిల్లులకి విషం. డబ్బా మీద పాలీకార్బొనేట్‌కి సరిపోతుందని రాసుందా లేదా చూసుకోండి. హెడ్‌లైట్ల ముందుండే ప్లాస్టిక్ అదే. పడనిది తగిలితే దాని మీద సన్నటి పగుళ్లు వస్తాయి.

ఉన్న ఒక్క లోపం ఖర్చయ్యే వేగం. రోడ్డు తడిగా, ఉప్పుగా ఉన్న రోజు దూర ప్రయాణంలో నా 4 లీటర్ల ట్యాంకు ఒక్క రోజులో అయిపోయింది. అద్దం వెనక కెమెరా ఉన్న కార్లలో ఉప్పు పొర కట్టగానే, రోడ్డు మీది గీత దాటితే కారు ఇచ్చే లేన్ హెచ్చరిక ఆగిపోతుంది, అలాంటప్పుడు ఇంకా ఎక్కువ కొట్టాల్సి వస్తుంది. అందుకే డిసెంబర్ నుంచి డిక్కీలో కలిపి పెట్టిన 2 లీటర్ల క్యాన్ ఒకటి, నిలువుగా బెల్టు కట్టి ఉంచుతున్నాను. ఆల్కహాల్ కాబట్టి మంట దగ్గరికి రానివ్వను. పోసేటప్పుడు బానెట్ కింద వేడి ఇంజిన్ మీద ఒలకకుండా చిన్న గరాటు కూడా పక్కనే పెట్టుకున్నాను.