విశాఖ నుంచి ఫస్ట్ క్లాస్: ఎమిరేట్సా, సింగపూరా, ఎతిహాదా, లేక తలుపున్న బిజినెస్సా?

విశాఖ ఎయిర్‌పోర్టు నుంచి ఎగిరే ఏ విమానంలోనూ ఫస్ట్ క్లాస్ సీటు లేదు. హైదరాబాద్, ఢిల్లీ, ముంబై వెళ్లేవి ఒకే నడవా ఉన్న విమానాలు. సింగపూర్‌కి నేరుగా వెళ్లే స్కూట్ అయితే చవక ఎయిర్‌లైన్. అంచేత లక్షలు పోసి కొన్న టికెట్‌లో కూడా మొదటి ముక్క, అంటే విశాఖ నుంచి ఎక్కే మొదటి విమానం, మోకాళ్లు ముందు సీటుకి తగిలే ప్రయాణమే. ఎవరి సేవ గొప్పదని అడిగే ముందు, ఏ ముక్కకి ఆ డబ్బు పెట్టాలో తేల్చుకోవాలి.

పది గంటలు దాటి, మధ్యలో నిద్ర పడే ముక్కకే పెట్టాలి. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 4 గంటలు. ఎక్కడం, దిగడం, భోజనం పోను పడుకోవడానికి మిగిలేది రెండు గంటలు. దానికి బిజినెస్ చాలు, నడుం బాగుంటే ఎకానమీ అయినా పర్వాలేదు. అదే దుబాయ్ నుంచి న్యూయార్క్ 14 గంటలు, లాస్ ఏంజెలిస్ 16. తేడా తెలిసేది అక్కడ. ఒకే టికెట్‌లో ఒక ముక్క బిజినెస్, రెండోది ఫస్ట్ పెట్టించుకోవచ్చు. వెబ్‌సైట్‌లో కుదరకపోతే ట్రావెల్ ఏజెంట్ చేసిపెడతాడు. పన్ను సంగతి కూడా లెక్కలో వేసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఎకానమీ కాని టికెట్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి పెరిగింది, ఎకానమీకి 5 శాతమే. ఛార్జీ 5 లక్షలైతే పన్నే 90 వేలు.

ఇక ఎమిరేట్స్. ఫస్ట్ క్లాస్ అనగానే అందరికీ గుర్తొచ్చే షవర్ ఏ380 విమానంలో మాత్రమే ఉంటుంది. పై అంతస్తు ముందు భాగంలో 14 సూట్లు (తలుపున్న చిన్న గదుల్లాంటి సీట్లు), వాళ్లందరికీ రెండు స్నానాల గదులు. గది అరగంట మీది, నీళ్లు మాత్రం 5 నిమిషాలే. మీట నొక్కి ఆపి, సబ్బు రాసుకుని మళ్లీ తిప్పుకుంటే ఆ ఐదు నిమిషాలు బాగానే సరిపోతాయి. అలవాటు లేనివాళ్లు ఒకేసారి వదిలేసి, నురగ ఒంటిమీద ఉండగానే ఎర్ర లైటు చూస్తారు. ఎక్కగానే స్నానానికి టైము చెప్పి పెట్టుకోవాలి. అందరూ దిగడానికి రెండు గంటల ముందు కావాలంటారు, ఆ వేళలు ముందే అయిపోతాయి. పైగా చివర్లో కుదుపులకి సీటు బెల్టు లైటు వెలిగితే స్నానం రద్దే. నిద్ర లేచిన వెంటనే, దిగడానికి ఇంకా నాలుగు గంటలు ఉండగా పెట్టుకోవడం మేలు.

అదే కంపెనీ 777 విమానంలో షవర్ లేదు, కానీ గోప్యత ఎక్కువ. 2017లో వచ్చిన కొత్త క్యాబిన్‌లో వరసకి ముగ్గురు చొప్పున ఆరే సూట్లు, గోడలు పైకప్పు దాకా, తలుపు వేస్తే చిన్న గదే. మధ్య సూట్లకి కిటికీ ఉండదు కాబట్టి బయటి దృశ్యాన్ని తెరల మీద చూపిస్తారు. పాత 777లో ఎనిమిది సూట్లు, గోడలు సగం ఎత్తువే. రెండూ ఒకే ధరకి దొరకవచ్చు, అందుకే డబ్బు కట్టే ముందు సీట్ల పటం తెరిచి చూడండి. వరసకి మూడు కనిపిస్తే కొత్తది, నాలుగైతే పాతది. విమానం కోడ్ 388 అంటే ఏ380, 77డబ్ల్యూ అంటే 777-300ఈఆర్, 359 అంటే ఏ350. ఈ చివరి రకంలో ఎమిరేట్స్ అసలు ఫస్ట్ క్లాసే పెట్టలేదు.

సింగపూర్ ఎయిర్‌లైన్స్ దారి వేరు. ఏ380లో 14 కాదు, ఆరే సూట్లు. కుర్చీనే వాల్చి పరుపుగా మార్చడం ఇక్కడ లేదు. కుర్చీ కుర్చీయే, మంచం గోడలోంచి విడిగా దిగుతుంది. ఈ చిన్న సంగతికే ఆ సూట్ విలువంతా ఉంది. పక్క వేశాక కూడా కూర్చోవడానికి చోటు ఉంటుంది, నడుం నొప్పి ఉన్నవాళ్లు రాత్రి మధ్యలో లేచి కుర్చీలోకి మారొచ్చు. ముందు రెండు వరసల్లో ఒకే వైపు ఒకదాని వెనక ఒకటిగా ఉన్న సూట్ల మధ్య గోడ దింపితే డబుల్ బెడ్ అవుతుంది. షవర్ మాత్రం లేదు. సింగపూర్‌లోని చాంగీ ఎయిర్‌పోర్టు మూడో టెర్మినల్‌లో ఫస్ట్ క్లాస్ వాళ్లకే ఉన్న ప్రైవేట్ రూమ్‌లో ముందే తీరిగ్గా భోంచేసి, విమానం ఎక్కగానే పడుకుంటే ఈ టికెట్‌కి పూర్తి న్యాయం జరుగుతుంది.

విశాఖ వాళ్లకి సింగపూర్ దారిలో ఉన్న సుఖం, ముందు హైదరాబాద్ పోనక్కర్లేదు. స్కూట్ ముక్కతో కలిపి సింగపూర్ ఎయిర్‌లైన్స్ దగ్గరే ఒక్క టికెట్ తీసుకుంటే లగేజీ చివరి ఊరి దాకా నేరుగా పోతుంది. కానీ ఆ నాలుగు గంటలూ ఎకానమీయే. పిల్లలు సిడ్నీలో ఉన్నవాళ్లకి ఇది సహజమైన దారి. అమెరికాకి మాత్రం ఈ దారిలో చాలామంది పొరబడతారు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి ఎక్కడా ఆగకుండా 18 గంటలకు పైగా ఎగిరే విమానంలో ఉన్నవి 67 బిజినెస్ సీట్లు, 94 ప్రీమియం ఎకానమీ సీట్లు. ఫస్ట్ క్లాస్ లేదు. పేరు చూసి మురిసిపోయి కొంటే బిజినెస్‌లోనే కూర్చోవాలి.

ఎతిహాద్ ఏ380లో తొమ్మిది అపార్ట్‌మెంట్లు, వాళ్ల ఫస్ట్ క్లాస్ సూట్లకి పేరు అదే. కుర్చీ, మంచంగా మారే సోఫా విడివిడిగా ఉంటాయి, ఫస్ట్ క్లాస్‌కి షవర్ కూడా ఉంది. సేవలో మిగతా ఇద్దరికన్నా ఎక్కువా తక్కువా అని వాదించే బదులు ఒకే ఒక్క కారణానికి దీన్ని ఎంచుకోవచ్చు: అబుదాబిలోనే అమెరికా ఇమిగ్రేషన్ అయిపోతుంది. న్యూయార్క్‌లో దిగాక మామూలు దేశీయ ప్రయాణికుల్లా బయటికి నడిచిపోవడమే. ఇంగ్లిష్ తడబడే అమ్మానాన్నలకి, 14 గంటలు ఎగిరిన అలసటలో అధికారి ప్రశ్నలకి జవాబు చెప్పే బాధ తప్పుతుంది. కాకపోతే అక్కడ మళ్లీ సెక్యూరిటీ, క్యూ ఉంటాయి. కనెక్షన్‌కి మూడు గంటలకన్నా తక్కువ పెట్టుకోవద్దు.

తిండి దగ్గర ముగ్గురిదీ ఒకటే కథ, ఎందుకంటే భౌతికశాస్త్రం ఒకటే. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంటుంది, తేమ 20 శాతం లోపే. ముక్కు ఎండిపోయి వాసన తగ్గుతుంది, నాలుకకి ఉప్పు, తీపి చప్పబడతాయి. పులుపు, కారం అంతగా తగ్గవు. పులుసు, పచ్చళ్ల మీద పెరిగిన నాలుకకి ఇది మంచి కబురే. ఎమిరేట్స్‌లో నిమ్మరసం పిండిన అరబిక్ మెజ్జే (చిన్న చిన్న గిన్నెల్లో వచ్చే రకరకాల వంటకాలు), టమాటా గ్రేవీ కూరలు రుచిగా అనిపించేది అందుకే. వంటంతా నేల మీదే చేసి, చల్లబరిచి ఎక్కిస్తారు. పైన జరిగేది వేడి చేయడం, అందంగా వడ్డించడం. కాబట్టి గ్రేవీ ఉన్నవి నిలబడతాయి, స్టీక్, చికెన్ బ్రెస్ట్, ఆమ్లెట్ బిగుసుకుపోతాయి. ఆ ఎత్తులో నీళ్లు 92–94 డిగ్రీలకే మరుగుతాయి. అరకు కాఫీకి అలవాటు పడ్డవాళ్లు అక్కడి కాఫీ మీద ఆశ పెట్టుకోవద్దు.

శాకాహారులు ఒక విషయంలో జాగ్రత్త పడాలి. టికెట్‌లో హిందూ శాకాహార భోజనం, అంటే ఏవీఎంఎల్ కోడ్, వేయించుకుంటే చాలాసార్లు మామూలు మెనూ పక్కకి పోయి, కోడ్ ప్రకారం వచ్చిన ట్రేనే ఫస్ట్ క్లాస్ పింగాణీలో వడ్డిస్తారు. ఫస్ట్ క్లాస్ మెనూలో శాకాహారం ఎలాగూ ఉంటుంది. ముందు మెనూ చూసి, నచ్చకపోతేనే కోడ్ వేయించండి, అదీ 24 గంటల ముందు. సింగపూర్‌లో 'బుక్ ద కుక్' కింద ప్రధాన వంటకాన్ని కనీసం 24 గంటల ముందు ఎంచుకోవచ్చు. ఉల్లి, వెల్లుల్లి తిననివాళ్లకి సరైన కోడ్ జైన భోజనానిది, వీజేఎంఎల్.

ఫస్ట్ క్లాస్‌లో నిజంగా కొనుక్కునేది టైము. భోజనాల బండి వచ్చినప్పుడు తినడం కాదు, ఆకలేసినప్పుడు అడగడం. ఎక్కగానే మీ వైపు చూసుకునే క్రూకి మూడు మాటలు చెప్పండి: భోజనం ఎప్పుడు, పక్క ఎప్పుడు వెయ్యాలి, ఎన్ని గంటలకి లేపాలి. మొహమాటపడి ఏమీ అడగకుండా కూర్చుంటే వాళ్లే వాళ్ల వరసలో పెట్టేస్తారు, బిజినెస్‌కి దానికి తేడా తెలియదు. మన పెద్దవాళ్లు సరిగ్గా ఇక్కడే నష్టపోతారు. వాళ్ల తరఫున ఆ మూడు మాటలూ ఇంగ్లిష్‌లో ఒక కాగితం మీద రాసి, జేబులో పెట్టి పంపండి.

అడిగినప్పుడు వడ్డించే పద్ధతి ఇప్పుడు ఖతార్ ఎయిర్‌వేస్ బిజినెస్‌లోనూ ఉంది. వాళ్ల క్యూసూట్‌కి జారే తలుపు, మధ్య జంట సీట్లలో కొన్ని కలిపితే డబుల్ బెడ్. ఒక్కరికి ఫస్ట్ క్లాసా, ఇద్దరికీ క్యూసూటా అన్నచోట ఆలోచించక్కర్లేదు, క్యూసూటే. అమ్మని వెనక ఎకానమీలో వదిలి నాన్న ముందు సూట్‌లో పడుకునే ప్రయాణానికి ఎంత సేవ చేసినా సుఖం ఉండదు. కాకపోతే ఖతార్ అన్ని విమానాల్లోనూ క్యూసూట్ లేదు. దోహా నుంచి అమెరికా ముక్కలో ఉందో లేదో సీట్ల పటంలో చూసుకోవాలి, హైదరాబాద్–దోహా ముక్కలో లేకపోయినా బాధ లేదు.

డబ్బు సమస్య కానప్పుడు మా ఓటు ఇలా: అమెరికాకి అమ్మానాన్నలైతే ఎతిహాద్, ఒక్కరే వెళ్తూ దిగిన రోజే మీటింగ్ ఉంటే ఎమిరేట్స్ ఏ380, సిడ్నీకి దంపతులైతే సింగపూర్ సూట్.

హైదరాబాద్ మీదుగా పోయేవాళ్లకి అసలు చిక్కు విశాఖ–హైదరాబాద్ ముక్కతోనే. అది విడి టికెట్ అయితే శంషాబాద్‌లో లగేజీ దింపుకుని, మళ్లీ పైకి వెళ్లి చెక్-ఇన్ చెయ్యాలి. ఆ విమానం ఆలస్యమై రెండోది తప్పితే రెండో కంపెనీకి బాధ్యత లేదు. మామూలు రోజుల్లో ఐదు గంటల తేడా ఉంచండి. తుపాన్లు పట్టే అక్టోబరు, నవంబరుల్లో ముందురోజే వెళ్లిపోవడం నయం, వందే భారత్ అయితే ఎనిమిదిన్నర గంటల్లో సికింద్రాబాద్. బరువు సంగతి ఇంకా ఘోరం. ఎమిరేట్స్ ఫస్ట్ క్లాస్‌లో అమెరికాకి 32 కిలోల చొప్పున రెండు పెట్టెలు, మొత్తం 64 కిలోలు. విడిగా కొన్న దేశీయ ఎకానమీ టికెట్ మీద మామూలుగా 15. ఆవకాయ జాడీలు, కారప్పొడులు సర్దిన ఆ 49 కిలోలకి విశాఖ కౌంటర్ దగ్గర కిలో లెక్కన కట్టాలి. ముందే ఆన్‌లైన్‌లో కొంటే తక్కువ పడుతుంది.