రెండోసారి చూశాకే చెప్తాను

బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది. మారతహళ్లి దగ్గర ఉంటే తెలుగు సినిమాకి కరువు లేదు, కరువల్లా డబ్బుకే. శనివారం ఇద్దరం వెళ్తే పాప్‌కార్న్‌తో కలిపి పదిహేను వందలు హారతి కర్పూరం. (టికెట్టు 200 దాటకూడదని 2025లో ఇక్కడి ప్రభుత్వం ఉత్తర్వు తెస్తే హైకోర్టు స్టే ఇచ్చింది.) అంత పోసి చూసింది బాగుందనే అనిపిస్తుంది, అదో మాయ. అందుకే ఓటీటీలో వచ్చాక ఇంట్లో లైట్లు వేసుకుని మళ్లీ చూసేదాకా నోరు విప్పను.

'కల్కి 2898 ఏడీ'లో అశ్వత్థామగా అమితాబ్ లేచి నిలబడితే థియేటర్లో ఒళ్లు జలదరించింది. ఇంట్లో మొదటి గంట ఫార్వర్డ్ కొట్టేశాను. అంతే.

'లక్కీ భాస్కర్' రెండోసారీ కదలనివ్వలేదు. బొంబాయి బ్యాంకు క్యాషియర్ మనవైపు తిరిగి తన గోల చెప్పుకుంటుంటే, చేసేది తప్పని తెలిసీ దొరకకూడదనే అనుకుంటాం. కథ తెలిసినా బ్యాంకులోంచి తీసిన డబ్బు తిరిగి పెట్టేసేదాకా టెన్షనే. భార్య పాత్రకి ఇంకాస్త పని ఇవ్వాల్సింది.

'కోర్ట్' విషయంలో మాట మార్చుకున్నాను. ప్రేమలో పడ్డ అబ్బాయికి 19, అమ్మాయికి 17. 18 నిండని అమ్మాయి ఒప్పుకున్నా, పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ముందు ఆ ఒప్పుకోలు చెల్లదు. ఎంత చిక్కు ప్రశ్న! థియేటర్లో, అబ్బాయి మీద కేసు పెట్టించిన అమ్మాయి బంధువు మంగపతిని (శివాజీ) కొట్టాలనిపించింది, అందరితో పాటు చప్పట్లూ కొట్టాను. ఇంట్లో చూస్తే అదే లోపంగా కనిపించింది. అతను అంత దుర్మార్గుడు కాబట్టి మనం ఎటువైపో తేల్చుకోవడం సులువైపోయింది. కూతురి మీద నిజంగా బెంగపడే మామూలు తండ్రి కేసు పెట్టి ఉంటే?

'35 చిన్న కథ కాదు' 2024లో చూసినప్పుడు సెకండాఫ్ సాగదీశారన్నాను. మొన్న సంక్రాంతికి మదనపల్లె నుంచి అమ్మ వచ్చింది. అనపకాయలు ఒలుస్తూ నాతోపాటు కూర్చుంది. విలువే లేని సున్నా ఒకటి పక్కన చేరితే తొమ్మిది కంటే ఎలా పెద్దదవుతుందని పిల్లాడు అడగ్గానే ఆమె చేతులు ఆగిపోయాయి. తిరుపతి యాస వినపడినప్పుడల్లా "మన మాటే" అని మురిసిపోయింది. కొడుక్కి చెప్పడం కోసం తల్లి లెక్కలు నేర్చుకునే చోటికి రాగానే, నేను పాత పాటే పాడాను, "ఇక్కడ కొంచెం లాగ్ అమ్మా" అని.

"లెక్కలు రాని బిడ్డికి చెప్పాలంటే అంతసేపు పడతాది రా" అంది, గింజలు గిన్నెలో వేస్తూ. కాసేపాగి వంటింటి వైపు చూసి, "నీకు ఎనిమిదో క్లాసులో ఎన్నొచ్చినాయో కోడలికి చెప్పేదా?" అంది.

నేను సౌండ్ పెంచాను.