ఇంకుడు గుంతలో ఏది మేలు: కంకరా, ఇసుకా?

ఎండలు ముదిరి ఒకట్రెండు వానలు పడగానే తెలిసినవాళ్లంతా నన్ను ఒకటే అడుగుతారు: "గుంత తవ్వించాం, ఇప్పుడు కంకర పోయించాలా, ఇసుక పోయించాలా?" ఈ మే నెలలో, మేడ మీది వాననీటిని నేలలోకి దింపే మా ఇంటి ఇంకుడు గుంతనే మళ్లీ తవ్వాల్సి వచ్చింది కాబట్టి, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఇక్కడ రాసేస్తున్నాను. గుంత ఎందుకు, ఎక్కడ తవ్వాలి అన్నవి ‘నీరు-మీరు’ ప్రభుత్వ కార్యక్రమం రోజుల నుంచీ వింటున్నవే, వాటి జోలికి పోను.

పెద్ద రాళ్లయితే మధ్యలో ఖాళీ ఎక్కువ, కాబట్టి నీళ్లు ఎక్కువ పడతాయని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నిజానికి గింజలన్నీ ఒకే సైజులో ఉంటే ఆ సైజుతో ఖాళీకి పెద్దగా సంబంధం లేదు. గుండ్రటి గింజలను వదులుగా పేరిస్తే సుమారు 48 శాతం ఖాళీ, బాగా బిగించి పేరిస్తే 26 శాతం. బత్తాయిల గంపైనా రేగుపళ్ల గంపైనా లెక్క ఇదే.

నమ్మకం కుదరక 20 లీటర్ల బకెట్టుతో చూశాను. 40 ఎంఎం కంకర నింపి నీళ్లు పోస్తే తొమ్మిది లీటర్ల దాకా పట్టాయి. బేబీ చిప్స్ అనే సన్న కంకరలోనూ ఇంచుమించు అంతే. ఎండిన దొడ్డు ఇసుకలో ఏడున్నర. తర్వాత కంకర సందుల్లోకి ఇసుక దిగేలా కుదిపి పోస్తే నాలుగు లీటర్లు కూడా పట్టలేదు. ఖాళీని మింగేది కలగలుపు. "కంకరా ఇసుకా కలిపి కొట్టేద్దాం సార్" అని మేస్త్రీ అంటే మాత్రం ఒప్పుకోకండి.

అయితే నీళ్లు పట్టడం వేరు, దిగడం వేరు. సైజు పనితనం కనిపించేది దిగేటప్పుడే. సందు సన్నగా ఉంటే నీరు గింజల ఒంటిని రాసుకుంటూ నడవాలి, ఆ రాపిడికి వేగం పడిపోతుంది. 1892లో అలెన్ హేజెన్ అనే అమెరికన్ ఇంజనీరు ఇసుకకు ఒక సులువైన లెక్క చెప్పాడు. ఇసుక బరువులో పదో వంతు ఏ సైజు కన్నా సన్నగా ఉందో చూసి, ఆ సైజును వర్గం చేస్తే నీరు దిగే తీరు అంచనాకు వస్తుంది. అది 0.2 మిల్లీమీటర్లున్న సన్న ఇసుకకీ, 0.6 ఉన్న దొడ్డు ఇసుకకీ తేడా మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్లు. పైగా ఆయన లెక్క వేసింది సన్నగా ఉన్న ఆ పదో వంతు మీద! మిగతా తొంభై శాతం ఎంత దొడ్డుగా ఉన్నా, దారి మూసేది ఆ కాస్తే.

ఇదే సంగతి బంకమట్టి ఎక్కువుండే నల్లరేగడిలో ఇంకా బాగా తెలుస్తుంది. బంకమట్టిలో ఖాళీ 40 నుంచి 70 శాతం దాకా ఉంటుంది, అంటే ఇసుకను మించి. కానీ తడిసిన బంకమట్టి నుంచి తనంతట తాను కిందికి కారే నీరు ఆ మట్టి పరిమాణంలో సుమారు 2 శాతమే. దొడ్డు ఇసుకయితే పాతిక శాతం దాకా వదిలేస్తుంది.

ఇక కంకరా, ఇసుకా అన్న ప్రశ్నకు నా దృష్టిలో జవాబు తేల్చేది ఈ రెండూ కాదు, మేడ మీద నుంచి వచ్చే దుమ్ము.

మా మొదటి గుంతలో అడుగు నుంచి పైదాకా కంకరే. మూడు వానాకాలాలు గటగటా తాగేసింది. నాలుగో ఏడు రెండు రోజులైనా నీళ్లు నిలిచే ఉన్నాయి, దోమలు కూడా చేరాయి. కూలీలను పెట్టి కంకరంతా ఎత్తిస్తే, అడుగున అరచేతి మందాన మెత్తటి బురద. పెద్ద సందుల్లోంచి దుమ్ము హాయిగా జారి, నేలలోకి నీరు దిగాల్సిన చోటే పేరుకుంది. ఆ బురదలో నీరు ఇసుకలో కన్నా వెయ్యో వంతు మాత్రమే దిగుతుందనుకుందాం. అప్పుడు ఒక్క సెంటీమీటరు బురద పది మీటర్ల ఇసుకతో సమానంగా అడ్డుపడుతుంది. పైన ఎంత మంచి కంకర ఉన్నా ఏం లాభం?

దుమ్ము ఎలాగూ వస్తుంది. అది ఎక్కడ ఆగాలన్నదే మన చేతిలో ఉన్నది. పైన అడుగు మందాన దొడ్డు ఇసుక ఉంటే చాలావరకు ఆ ఇసుక పైభాగంలోనే ఆగిపోతుంది. ఏడాదికోసారి పారతో గీకి కొత్త ఇసుక చల్లితే పని అయిపోతుంది. అందుకే నా ఓటు పైన ఇసుక, కింద కంకర. ఇసుక నెమ్మదిగా తాగుతుందన్న మాట నిజమే, కుండపోత పడితే కొంత నీరు పైనుంచి పొర్లిపోతుంది. పోనీ, కంకరంతా ఎత్తించే కూలీ కన్నా అదే నయం.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇసుకను తిన్నగా 40 ఎంఎం మీద పోస్తే రెండు వానలకే సందుల్లోకి జారిపోయి, బకెట్టులో చూసిన కలగలుపు తయారవుతుంది. మధ్యలో ఏం వేయాలో చెప్పడానికి మట్టి తీరును లెక్కల్లో పెట్టిన ఇంజనీరు కార్ల్ టెర్జాగీ సూత్రం ఉంది. ఆనకట్టల్లో మట్టి కొట్టుకుపోకుండా వడపోత పొరలు వేసేవాళ్లు వాడేది అదే. కింది పొరలోని సన్నపాటి ముక్కలు, పై పొరలోని దొడ్డు గింజలకు నాలుగు రెట్లు మించకూడదు. ఇసుకలో దొడ్డు గింజ 2 మిల్లీమీటర్లనుకుంటే, కింద 8 లోపు సన్నముక్క ఉండాలి. అందరూ మధ్యలో వేయించే 20 ఎంఎం కంకర ఈ లెక్కకు సాధారణంగా నిలబడదు. బేబీ చిప్స్ నిలబడతాయి, వాటి కింద 40 ఎంఎం కూడా సరిపోతుంది.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. సరిగా కాలని ఇటుక ముక్కలు నాని పొడి కావచ్చు, వద్దు. మిషన్లో రాళ్లు కొట్టి చేసే రోబో ఇసుకలో రాతిపొడి ఎక్కువ, వాడక తప్పకపోతే బాగా కడిగి వాడండి. రింగులు దింపి ఖాళీగా వదిలేసే గుంతలో నీళ్లు రెండున్నర రెట్లు పడతాయి. మీటరున్నర పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంత ఖాళీగా ఉంటే 3,375 లీటర్లు, కంకర నింపి, అందులో ఖాళీ 40 శాతం అనుకుంటే 1,350. వంద చదరపు మీటర్ల మేడ మీద 30 మిల్లీమీటర్ల వాన పడితే వచ్చేవి 3,000 లీటర్లు కాబట్టి ఆశ పుడుతుంది. పిల్లలు తిరిగే ఇంట్లో గట్టి మూత లేకుండా మాత్రం ఆ పని చేయకండి.

గుంత అడుగు నల్లరేగడిలోనే ఆగిపోతే ఏం నింపినా ఒకటే. కింద మొరం తగిలేదాకా తవ్వాలి. మా వైపు నల్లరాయి నేలల్లో పగుళ్లు లేని బండలో ఖాళీ ఒక్క శాతం కూడా ఉండదు, నీరు నిలిచేదంతా ఆ పైనున్న మొరంలోనూ, బండ పగుళ్లలోనూనే.

ఈసారి మా గుంతలో కింద 40 ఎంఎం, మధ్యలో జానెడు బేబీ చిప్స్, పైన అడుగు దొడ్డు ఇసుక వేయించాను. ఇసుకను బకెట్టులో కలిపి చూసి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగించాను. ఇసుకకీ చిప్స్‌కీ మధ్య పాత నైలాన్ దోమతెర పరిచాను. ఎప్పుడైనా ఇసుకంతా మార్చాల్సి వస్తే పార ఎక్కడ ఆగాలో తెలుస్తుందని.