విశాఖ బీచ్‌లో చేప: బండి దగ్గరా, హోటల్లోనా?

వేపుడు తినాలంటే బండి, పులుసూ అన్నమూ తినాలంటే హోటల్. విశాఖ ఆర్.కె. బీచ్‌కి సాయంత్రం పూట వెళ్లేవారికి నేను చెప్పేది ఇదే. అయితే రెండు చోట్లా కళ్లు తెరుచుకుని తినాలి.

బండి మీద కోనెం (వంజరం) ముక్కలు, చందువాలు, కానగంతలు, రొయ్యలు ఎర్రటి మసాలా పట్టించి పేర్చి ఉంటాయి. చూపించిన చేపను మన ఎదుటే వేయించి, ఉల్లిపాయ ముక్కలూ నిమ్మచెక్కా పెట్టి చేతికిస్తారు. సెగ తగ్గకముందే తింటాం కనుక ఆ రుచి హోటల్ టేబుల్ దాకా రాదు. చిక్కంతా ఆ ఎర్రటి మసాలాతోనే. అది దట్టంగా పట్టించాక నిన్నటి చేపకూ ఇవాళ్టి చేపకూ తేడా కనిపించదు. అందుకే ముక్కల జోలికి పోకుండా తలతో ఉన్న చేపనే అడగండి. కన్ను లోపలికి కుంగితే అది పాతది. పొట్ట దగ్గర నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. మూకుడులో నూనె నల్లగా ఉంటే చేప ఎంత తాజాదైనా పక్క బండికి నడవడమే.

హోటల్లో కూర్చునే వీలుంది, చేతులు కడుక్కునే చోటుంది, పెద్దవాళ్లకూ పిల్లలకూ ఇబ్బంది లేదు. కానీ ముళ్లెక్కువని కానగంతలు, కవ్వళ్లలాంటి రుచిగల చవక చేపలు మెనూలో అరుదు. వాటి బదులు ముల్లు లేని ముక్కలతో చేసే అపోలో ఫిష్ వేపుడు ఉంటుంది. హైదరాబాద్‌లో వీధివీధినా దొరికేదాన్ని తినడానికి ఇంత దూరం రావాలా! రొయ్యలు కూడా చాలావరకు చెరువుల్లో పెంచిన వనామీలే. పెంపకం రొయ్యల్లో దేశంలో ఆంధ్రప్రదేశే ముందుంది కాబట్టి అందులో తప్పేమీ లేదు, సముద్రపు రొయ్య ధర వేయకపోతే చాలు. చేపకో పీతకో ‘సైజును బట్టి ధర’ అని రాసి ఉంటే, ఆ తూకం శుభ్రం చేయకముందుదా, చేశాకదా అని ఆర్డర్ చెప్పేముందే అడగాలి. బిల్లు వచ్చాక అడిగి లాభం లేదు.

పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌లో కొని వండించుకుంటే ఈ రెండింటికన్నా మేలే, ఊళ్లో వంటిల్లు ఉన్న చుట్టాలుంటే.

వేసవిలో లెక్క మారుతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. ఇంజన్ లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది కాబట్టి ఒడ్డుకు దగ్గర్లో పడే చిన్న చేపలు ఎంతో కొంత వస్తాయి. బండి దగ్గర అవి కనిపిస్తే తినండి. ఆ రోజుల్లో పెద్ద కోనెం కనిపించిందంటే ఐసులో నిలవ ఉన్నదో, పడమటి తీరం నుంచి వచ్చిందో అయ్యుంటుంది. అంతకన్నా హోటల్లో చెరువు రొయ్యల ఇగురు చెప్పుకోవడం నయం. కోనెం సంగతి జూన్ చివర్లో చూసుకోవచ్చు.