క్రీడా ప్రముఖుల విద్వేష వ్యాఖ్యలపై వేటు, జరిమానా, ప్రత్యుత్తరం: ఏది మేలు?

క్రీడారంగంలో పేరున్న వ్యక్తి ఒక జాతినో మతాన్నో స్త్రీలనో కించపరిచేలా మాట్లాడినప్పుడు సాధారణంగా మూడు మార్గాలు ముందుకు వస్తాయి. మాట్లాడినవారిని తొలగించడం ఒకటి, జరిమానాతోనో కొన్ని మ్యాచ్‌ల నిషేధంతోనో సరిపెట్టడం రెండోది, శిక్ష జోలికి పోకుండా మాటకు మాటతోనే బదులివ్వడం మూడోది.

తొలగింపును వ్యతిరేకించేవారు వెంటనే వాక్‌స్వాతంత్ర్యాన్ని ముందుకు తెస్తారు. అమెరికా రాజ్యాంగపు మొదటి సవరణ కట్టడి చేసేది ప్రభుత్వాన్నే గాని ప్రైవేటు లీగును కాదు కనుక, చట్టం దృష్టిలో ఆ వాదన నిలవదు. అయినా దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేము. ఒక ఆటకు ఒకే పెద్ద లీగు ఉన్నచోట బహిష్కరణ అంటే జీవనోపాధి పోవడమే. 1999 చివర్లో ఒక పత్రికా ఇంటర్వ్యూలో వలసదారులను, స్వలింగ సంపర్కులను దూషించిన బేస్‌బాల్ ఆటగాడు జాన్ రాకర్‌కు పడిన శిక్షను మధ్యవర్తి తగ్గించాడు. ఆగ్రహం ఎంత న్యాయమైనదైనా శిక్షకు ఒక కొలత ఉండాలని ఆ నిర్ణయం చెప్పింది.

నా దృష్టిలో ఆ కొలత మాట ఎంత వికారంగా ఉందన్నది కాదు, మాట్లాడినవాడి చేతిలో ఇతరుల బతుకుల మీద ఎంత అధికారం ఉందన్నది. బాస్కెట్‌బాల్ జట్టు క్లిపర్స్ యజమాని డొనాల్డ్ స్టెర్లింగ్ నల్లజాతివారి గురించి ఆంతరంగికంగా అన్న మాటల రికార్డింగ్ 2014 ఏప్రిల్‌లో బయటపడగానే, అమెరికా బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ అధిపతి (కమిషనర్) ఆడమ్ సిల్వర్ ఆయనపై జీవితకాల నిషేధం, 25 లక్షల డాలర్ల జరిమానా విధించారు. అంతకుముందే క్లిపర్స్ ఆటగాళ్లు వార్మప్ చొక్కాలను తిరగేసి తొడుక్కుని నిరసన తెలిపారు. ఎదురు మాటకు అది మంచి ఉదాహరణే అయినా, జీతమిచ్చే యజమానిని నిరసన ఒక్కటే కదిలించలేదు కాబట్టి అక్కడ వేటు తప్పనిసరి అయింది. (ఇళ్ల అద్దెల్లో జాతి వివక్ష చూపారన్న ప్రభుత్వ దావాను ఆయన 2009లోనే 27 లక్షల డాలర్లకు పైగా చెల్లించి పరిష్కరించుకున్నారు. అప్పుడు లీగు ఆయనను ఏమీ అనలేదు. చేతకు పడని శిక్ష మాటకు పడడం ఈ వ్యవహారంలో మింగుడుపడని భాగం.)

మూడింటిలోనూ బలహీనమైనది జరిమానా. ఒక టీవీ కార్యక్రమంలో స్త్రీలను చులకన చేస్తూ మాట్లాడినందుకు హార్దిక్ పాండ్యా, కె.ఎల్. రాహుల్‌లకు 2019లో బీసీసీఐలో ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ చెరో 20 లక్షల రూపాయలు విధించారు. ఆ సొమ్ము విధి నిర్వహణలో మరణించిన పారామిలటరీ కానిస్టేబుళ్ల కుటుంబాలకు, అంధుల క్రికెట్‌కు చేరాలన్నారు. రెండూ మంచి పనులే, కానీ చిన్నబుచ్చబడింది స్త్రీలు కాగా వారికి దక్కిన సమాధానం అందులో ఎక్కడా కనిపించదు.

ప్రత్యుత్తరం బలం తెలియాలంటే 1987 నాటి అమెరికా బేస్‌బాల్ అధికారి అల్ కాంపానిస్ ఉదంతం చూడాలి. నల్లజాతివారికి దారి తెరిచిన ఆటగాడు జాకీ రాబిన్సన్ అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ అయిన మేజర్ లీగ్‌లో అడుగుపెట్టి 40 ఏళ్లయిన సందర్భంగా టీవీలో మాట్లాడుతూ, జట్టును నడిపే పదవులకు కావలసిన లక్షణాలు నల్లజాతివారికి లేకపోవచ్చునని కాంపానిస్ అన్నారు. నియామకాలు చేసే డాడ్జర్స్ జట్టు జనరల్ మేనేజర్ నోట వచ్చిన మాట కనుక పదవి పోవడం సబబే, రెండు రోజుల్లో పోయింది కూడా. అయితే కథ అక్కడ ఆగలేదు: బేస్‌బాల్ పెత్తనపు పదవుల్లో నల్లజాతివారికి చోటు పెంచే బాధ్యత తీసుకున్న సామాజిక శాస్త్రవేత్త హ్యారీ ఎడ్వర్డ్స్, స్వయంగా నల్లజాతీయుడై ఉండి, ఆ పనికి కాంపానిస్‌నే తోడు తీసుకున్నారు. అధికారం తీసేసి, సంభాషణను మిగిల్చిన ఈ పద్ధతికే నేను మొగ్గుతాను.

కేవలం ఆటగాడైనవాడి విషయంలో, మాట ఎదుటి ఆటగాడిపై నేరుగా విసిరిన దూషణ కానంతవరకు, ప్రత్యుత్తరమే ముందుండాలి. ఈ కొలతకు లొంగని కేసు ఆస్ట్రేలియా రగ్బీ ఆటగాడు ఇజ్రాయెల్ ఫొలావుది. స్వలింగ సంపర్కులకు నరకం తప్పదన్న అర్థంలో 2019లో ఇన్‌స్టాగ్రామ్‌లో రాసినందుకు అక్కడి రగ్బీ సంస్థ రగ్బీ ఆస్ట్రేలియా ఆయన ఒప్పందాన్ని రద్దు చేసింది. అది తన మతవిశ్వాసమని ఆయన న్యాయపోరాటానికి దిగగా, ఆ ఏడాది డిసెంబరులో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. ఆయనను జట్టులోనే ఉంచి బహిరంగంగా ఖండించి ఉండాల్సిందని నా అభిప్రాయం. కానీ అదే డ్రెస్సింగ్ రూమ్‌లో తన సంగతి ఎవరికీ చెప్పుకోలేని స్వలింగ సంపర్క ఆటగాడు ఒకడుంటే, ఆ ఖండన అతనికి సరిపోయేదని మాత్రం నేను చెప్పలేను.