పగిలిన ప్లేటుకు రంగేసి అమ్మాడు: ఆ పాత టెలిమార్క్ బైండింగులు ఎవరూ కొనకండి

కశ్మీర్‌లోని గుల్మార్గ్ మంచు కొండల నుంచి నిన్న రాత్రే ఇంటికి చేరాను. కుడి మోకాలు వాచిపోయింది, కింద పెడితే ప్రాణం పోతోంది. నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. అమెరికా నుంచి తిరిగొచ్చి, నరసాపురం వైపు ఉంటూ పాత స్కీ సామాన్లు అమ్ముతున్న ఆయన ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. ఆయన నాకు అమ్మిన బైండింగు, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపు, విరిగే మోకాలు ఇలా అయింది. ఆయన దగ్గర ఇంకో జత ఉంది, అది ఎవరి కాళ్ల కిందికీ వెళ్లకూడదు.

నాది రాజోలు దగ్గర. రొయ్యల చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు బాగుచేసే షాపు. మా బావ నార్వేలో ఉంటాడు. అతని దగ్గరకు వెళ్లినప్పుడు టెలిమార్క్ అనే రకం స్కీయింగ్ నేర్చుకున్నాను. తన పాత బూట్లు కూడా నాకే ఇచ్చాడు. అవి ముందు బాతు ముక్కులా సాగి ఉండే 75 మిల్లీమీటర్ల రకం. 2007లో రొట్టెఫెల్లా కంపెనీ తెచ్చిన ఎన్‌టీఎన్ అనే కొత్త రకం బైండింగులు వాటికి పట్టవు, మడమ వెనక కేబుల్ వేసే పాత రకమే కావాలి. నరసాపురం ఆయన స్కీలతో కలిపి 14 వేలన్నాడు. సరే అన్నాను.

సఖినేటిపల్లిలో గోదావరి దాటే పంటు ఎక్కి వెళ్లేసరికి పొద్దు వాలింది. చెరువు గట్టు మీద రేకుల షెడ్డు. మేత బస్తాల పక్కన గోడకు ఆనించి ఉన్నాయి స్కీలు. ఒకటే బల్బు. బైండింగు ప్లేట్లు కొత్త స్టీలు గ్లాసుల్లా మెరుస్తున్నాయి. "రంగేశారా అండీ?" అని అడిగాను. "ఆయ్, చూడ్డానికి బాగుంటుందని వేయించా తమ్ముడూ. మన గోదారోళ్లం, మనలో మనకి మోసమేంటి?" అన్నాడు. కాఫీ ఇచ్చాడు. డబ్బులిచ్చేసి వచ్చేశాను.

ఇక్కడే నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. ఉప్పుగాలిలో ఉక్కు ఏమవుతుందో రోజూ చూసేవాణ్ణి. షాపుకు వచ్చిన షాఫ్టు మీద కొత్త రంగు కనిపిస్తే ముందు గీకి చూస్తాను, ఆ తర్వాతే మిగతా మాట. రైతు సామానుకు అంత జాగ్రత్త పడేవాణ్ణి, నా కాలికి కట్టుకునే సామాను దగ్గరికొచ్చేసరికి మన ఊళ్ల మనిషి అన్న ఒక్క మాటకు పడిపోయాను.

టెలిమార్క్ తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. మామూలు స్కీలో బూటు ముందూ వెనకా రెండు చోట్లా బిగిసి ఉంటుంది, పడితే ఊడొస్తుంది. టెలిమార్క్‌లో మడమ వదులుగా ఉంటుంది. మలుపు తిరిగిన ప్రతిసారీ వెనక కాలు మోకాలు వంగి, మడమ పైకి లేస్తుంది. ఆ లాగుడంతా వేళ్ల దగ్గరున్న ప్లేటు మీదే పడుతుంది. బూటు ముక్కును అణిచి పట్టే కమ్మీ ఆ ప్లేటు పక్క రెక్కలకే ఉంటుంది. ఒక్క దిగుడులో వందల సార్లు అవి పైకి లాగబడతాయి. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే తెగుతుంది చూడండి, ఇదీ అంతే. అందుకే ఈ రకం కొనేటప్పుడు స్ప్రింగుల కన్నా, కేబుల్ కన్నా ముందు ఆ రెక్క వంపు చూడాలి. కేబుల్ తెగితే మార్చుకోవచ్చు. ప్లేటు పోతే బూటుకు ఇక పట్టు లేదు.

రెండో రోజు గుల్మార్గ్‌లో కొంగ్‌దూరి అనే చోటు నుంచి కిందికి దిగుతున్నాను. ఎడమకు మలుపు కొట్టి లేస్తుండగా, రెండో మలుపులో కుడి కాలు వెనక పడింది. టప్‌మని శబ్దం, ఎండిన తాటిమట్ట విరిగినట్టు. కుడి రెక్క కమ్మీతో సహా లేచిపోయింది. వంగి ఉన్న మోకాలి మీదే పడ్డాను. స్కీకీ కాలికీ తాడు కట్టి ఉంది కాబట్టి స్కీ జారిపోలేదు, లేకపోతే కింద ఎవరికో తగిలేది. ఇద్దరు కశ్మీరీ కుర్రాళ్లు భుజాల మీద చేతులు వేయించుకుని, తొడల దాకా మంచులో దిగబడుతూ నన్ను కిందికి చేర్చారు. వాళ్లు డబ్బులు కూడా తీసుకోలేదు.

రాత్రి గదిలో విరిగిన ముక్క చేతిలోకి తీసుకున్నాను. విరిగిన అంచులో సగానికి పైగా గోధుమ రంగు తుప్పు. మిగతాది తళతళ మెరుస్తోంది. అలాంటి షాఫ్టులు నేను ఎన్ని చూశానో లెక్కలేదు. మెరిసేది ఆ రోజు విరిగింది. తుప్పు పట్టింది ఎప్పటి నుంచో పగిలి ఉన్నది. ఒక స్క్రూ రంధ్రం పక్కన మొదలై వంపు వెంట పాకింది. అంతవరకైతే ఆయన కూడా చూసుకోలేదేమో అనుకునేవాణ్ణి.

కానీ ఆ తుప్పు అంచు పైన వెంట్రుకంత మందాన సిల్వర్ పెయింటు ఉంది. పగులు లోపల. అంటే రంగు వేసేటప్పటికే పగులు తెరుచుకుని ఉంది, రంగు అందులోకి దిగింది. మిగిలిన ప్లేటు విప్పుదామని స్క్రూ పట్టుకుంటే ఒకటి చేత్తోనే ఊడొచ్చింది. కింద స్కీలోని చెక్క తినేసిన రంధ్రంలో ఎంసీల్ కూరి ఉంది. అప్పుడు నా చేతులు వణికాయి. డబ్బు గుర్తు రాలేదు. కొండ పైనుంచి దిగుతానని చెప్పి మరీ కొన్నాను ఆయన దగ్గర, అది గుర్తొచ్చింది.

ఫోన్ చేశాను. "అన్నయ్యా, ప్లేటు ముందే పగిలి ఉందండి, మీకు తెలుసు కదా?" అన్నాను. గొంతు కూడా పెంచలేదు. ఆయన ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "పాత సామాను కొనేటప్పుడు చూసుకోవాలి. ఏరియేటర్లు బాగుచేసుకునేవాడివి, నీకెందుకు మంచు మీద ఆటలు?" కాలు ఎలా ఉందని అడగలేదు. రెండోసారి చేస్తే ఎత్తలేదు, ఇప్పుడు నా నంబరు బ్లాక్ చేశాడు. నా పనిని తీసిపడేసిన ఆ మాట విరిగిన ప్లేటు కన్నా ఎక్కువ నొప్పిగా ఉంది. ఆ పని చేసుకునే నా పిల్లల్ని చదివిస్తున్నాను, ఆ పని చేసుకునే మంచు చూసి వచ్చాను.

ఈ పొద్దున డాక్టరు లిగమెంటు సాగిందన్నారు, మూడు వారాలు కాలు మీద బరువు వేయొద్దన్నారు. ఇంటికొచ్చి కుర్చీలో కూర్చునే ఎడమ ప్లేటు పరీక్షించాను. థిన్నరుతో రంగు తీసేసి, కిరోసిన్ పూసి పావుగంట ఉంచి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన సుద్దపొడి రాశాను. షాఫ్టులకు మేం చేసే పద్ధతే. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ సుద్దలోకి ఊరి గీతలా తేలుతుంది. రెండు నిమిషాలకే గీత తేలింది. అదే వంపు, అదే స్క్రూ పక్కన. అది విరిగే రోజు కూడా దగ్గర్లోనే ఉంది.

కొనేవాళ్లు ఎవరి దగ్గర కొన్నా ఈ పరీక్ష చేయండి, సుద్దముక్కకు ఎంతవుతుంది. రంగేసిన ప్లేటు అసలు తీసుకోవద్దు. ఒక స్క్రూ విప్పి రంధ్రంలో చెక్క గట్టిగా ఉందో లేదో చూడండి. విప్పనివ్వకపోతే లేచి వచ్చేయండి.

ఆయన దగ్గరున్న రెండో జతకు ఒక కుర్రాడు అడ్వాన్సు ఇచ్చాడని ఆ రోజు షెడ్డులో ఆయనే చెప్పాడు. కాకినాడ వైపు అన్నాడు, పేరు గుర్తు లేదు. తమ్ముడూ, ఇది నీ కంట పడితే వాటితో కొండ ఎక్కకు. రాజోలు తీసుకురా, పైసా తీసుకోకుండా నీ ఎదురుగానే రంగు గీకి చూపిస్తాను.