మతి, గోలీలు, ఇంటి జాగా: ఐదు వందల సలహా

బాపు పోయాక నకిరేకల్‌లోని ఇంటి జాగా పంచుకుందామంటే పని ఆగింది. తమ్ముడు పదకొండేళ్లుగా బైపోలార్‌కు, అంటే మనసు కొన్నాళ్లు ఉబ్బి కొన్నాళ్లు కుంగే జబ్బుకు, గోలీలు వేసుకుంటున్నాడు. కాగితాలు రాసే ఆయనకు ఆ సంగతి తెలిసి, "మతి సరిగ లేనోళ్ల సంతకం చెల్లదక్కా, రేపు నా మీదికొస్తది" అన్నాడు. తమ్ముడు పక్కనే నిలబడి వింటున్నాడు. వాడు కిరాణం నడుపుతాడు, ఉద్దెర పద్దులో రూపాయి తేడా రానివ్వడు.

అందుకే నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర, మేడమీద కూర్చునే ఒక లాయర్ మేడం దగ్గరికి పోయాం. ఫీజు 500. గంటన్నర కూర్చోబెట్టారు. ఉన్నది ఒక్క ఫ్యాన్, అదీ ఫైళ్లకే గాలి కొడుతుంది.

లోపలికి పోయాక నన్ను వదిలేసి తమ్ముడినే అడిగారు. జాగా ఎన్ని గజాలు? నీ వంతెంత? సంతకం పెడితే నీకు వచ్చేదేంది, పోయేదేంది? వాడు గజాలతో సహా చెప్పాడు. "చట్టం అడిగేది గింతే" అని 1872 కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ తీశారు. ఒప్పందం చేసుకునే వేళకు దాన్ని అర్థం చేసుకుని, తన మంచిచెడ్డలు తాను తూచుకోగలడా అన్నదే అక్కడ లెక్క. పిచ్చాసుపత్రిలో ఉన్న మనిషి కూడా మతి కుదురుగా ఉన్న వేళల్లో ఒప్పందం చేసుకోవచ్చట. జ్వరంతో పలవరించేవాడు, ఒళ్లు తెలియనంత తాగినవాడు మాత్రం ఆ కాసేపు చేసుకోలేడు. ఈ లెక్కన మా మేనమామ సంతకాలు ఎన్ని నిలుస్తాయో!

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమైతే 3వ సెక్షన్‌లో ఇంకా సూటిగా చెప్పింది. జబ్బు ఉందని తేలినంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదు, ఆ మాట కోర్టు ప్రకటించాలి. రెండూ ఒకటేననుకుని ఇన్నేళ్లు ఇంట్లో మేమే ఎన్ని మాటలన్నామో.

మేడంకు ఇచ్చే రేటింగ్‌లో ఒక స్టార్ ఎందుకు కోశానంటే, అదే చట్టం మానసిక వ్యాధి అంటే 'తీవ్రమైన' రుగ్మత అంటుంది. "ఎంతుంటే తీవ్రం మేడం? బీపీకి ఉన్నట్టు దీనికి అంకె ఉందా?" అన్నాను. ఫోన్ చూసుకుంటూ "డాక్టర్‌ను అడగండి" అన్నారు. డాక్టర్‌ను అడిగితే "అది కోర్టు చూసుకుంటది" అన్నాడు.

అయినా ఆమె చెప్పినట్టు, తమ్ముడికి విషయం అర్థమవుతోందని డాక్టర్‌తో రాయించుకుపోతే రిజిస్ట్రేషన్ అయింది. సంతకానికి ముందు వాడు దస్తావేజు మొత్తం చదివి, తూర్పు హద్దులో పక్కింటి నంబరు తప్పు పడిందని పట్టుకుని, ఆ కాగితాలాయనతోనే దిద్దించాడు.